కోమలి చేతి మీద ఎర్రక్షరాలు

“పచ్చది చాలు, మా యమ్మకుండే మాదిరి పచ్చగా పొడిపియ్యంటే ఇన్న్యాడా మీ యన్న? ఎర్రదయితేనే ఫోటోలో బాగా కనపడతాదన్న్యాడు. ఇప్పుడు సూడు మే, కండ్లు లేనోళ్లు గూడా తడిమి సదవచ్చు ఆయన పేరు.”

కోమలి ఎడమ ముంజేతిని రాజశ్రీ ముందుకు చాచింది. పచ్చబొట్టులో తీగా ఆకులూ పచ్చసిరాతో చర్మంలో అణిగే ఉన్నాయి. వాటి నడుమ మొగుడి పేరు ‘మునికుమార్’ అన్న ఎర్రటి అక్షరాలు మాత్రం ఉబ్బి, అంచుల్లో రసి కారుతున్నాయి. పక్కింట్లో మిషను కుట్టే రాజశ్రీ తను తెచ్చిన ఉతికిన పాతగుడ్డను చించసాగింది.

కోమలిది పాకాల. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. ఎనిమిదితో బడి మానిపించి, పంతొమ్మిదో ఏట బంగారుపాళ్యంలో లగేజీ ఆటో తోలే మునికుమార్‌కు ఇచ్చారు. కాపురానికి వచ్చిన ఏడే ఆమె మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కోతకు చేరింది. కాయను ఎడమ అరచేతిలో తిప్పుతూ, టెంకకు రవ్వంత కండ మిగలకుండా చెంపలు దింపేది. అలా పద్నాలుగు సీజన్లు. పనికి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళను, చూసి నేర్చుకోమని ఆమె పక్కనే నిలబెట్టేవారు. ఇంట్లో ఆమెకు ఆపాటి మర్యాద ఎన్నడూ దక్కలేదు.

రెండేళ్ళ కిందట పెళ్ళిరోజని తిరుపతికి తీసుకుపోయి మునికుమారే ఈ పచ్చబొట్టు వేయించాడు. కొన్నాళ్ళు ఏమీ లేదు. తరువాత ఎర్రక్షరాలు దురద పెట్టాయి, మెల్లగా పైకి లేచాయి. అది చూసి అత్త తిరుమలమ్మ మురిసిపోయింది. “నా కొడుకు పేరు లేస్తా ఉండాది, వానికి మంచికాలం వొస్తాది” అని వీధిలో వాళ్ళను పిలిచి మరీ చూపించింది. ప్రతి శుక్రవారం ఆ అక్షరాలకు పసుపు రాసి కుంకుమ అద్దింది. మూడు నెలలు.

“నువ్వూ పసుపు పెట్టిచ్చుకుంటివి గదక్కా,” అంది రాజశ్రీ.

“పెట్టిచ్చుకుంటి. ఆ మూడు నెల్లూ మా యత్త నన్ను ఒక్క మాటన్లే. దీనికి దురదైనా ఓర్సుకోవచ్చు అనిపిచ్చె.”

దురద పుండయింది. నిరుడు సీజను మొదట్లోనే సూపర్‌వైజరు గిరిప్రసాద్ గేటు దగ్గర ఆపేశాడు.

“గ్లౌజేసుకుంటానంటి. మోచేతి దాకా గ్లౌజు యాడుంటాదిమ్మా అనె. ఆయప్ప తప్పేముండాది? ఈ సెయ్యి కోసిన పండు నేనైతే తిందునా?”

తిరుపతిలో చర్మం డాక్టరమ్మ చూసి, ఎర్రసిరా ఒంటికి పడలేదని చెప్పింది. ఇది అందరికీ రాదని, ఎక్కడో ఒకరికి వస్తుందని అంది.

“ఎర్రసిరా పొడిపిచ్చుకున్నోళ్లు తిరుపతి నిండా తిరగతా ఉండారు. అది నన్నే సూసుకునిండాది.”

పూతలయ్యాయి, అక్షరాల్లోకి సూదులయ్యాయి. అణిగినట్టే అణిగి మళ్ళీ లేచాయి. ఇక ఆ మేర చర్మం కోసి తీసి, తొడ మీది చర్మం అతకాలని డాక్టరమ్మ తేల్చింది. ఆ మాట ఇంట్లో చెప్పగానే తిరుమలమ్మ చెవులు మూసుకుంది. మొగుడు బతికుండగా అతని పేరు కోయించుకోవడం ముత్తైదువ చేసే పనేనా అంది. మునికుమార్ అన్నం ముందు నుంచి లేచిపోయాడు, “నేను సచ్చినాక కోపిచ్చుకో” అని.

“నా పేరు ఆయన వొంటి మింద యాడుండాది అని అడిగితి. మొగోళ్లకెందుకే అనె మా యత్త.”

“అన్నతో నేను మాట్లాడేదా?”

“వొద్దు. నెల్నాళ్లు మాట్లాడి నోరు నొప్పి పుట్టింది నాకు. సెయ్యి ఏమైనా పోనీ, పేరు మాత్రం నిలవల్ల ఆయనకు.”

ఫ్యాక్టరీలో తోతాపురి మామిడి కోతకు ఇంకా అయిదు వారాలుంది. సోమవారం చర్మం కోయిస్తే, ఆలోగా మానుతుందని ఆశ. తప్పితే రెండో సీజనూ పోతుంది. ఆమె చూపించి నేర్పినవాళ్ళే ఆమె చోట్లో నిలబడిపోతారు.

కోమలి గుడ్డ చుట్టుకుని, ముడిని పళ్ళతో బిగించింది.

“ఆపరేషనుకు ఇంటిమనిషి సంతకం కావల్లంట. ఇంటిమనిషంటే ఎవురని నేనేం అడగలే. సోమవారం మిషను మూసేసి తిరుపతి తొలి బస్సుకు రా. నా మనిషివని నువ్వే సంతకం పెట్టల్ల. ఆధార్ కార్డు మర్సిపోవాకు. ఇంక పో మే, మా యత్త వొస్తా ఉంటాది.”