నల్ల పిల్లి నాలుగో సంచిక

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక మహా వినాశనం కథ. రక్తపాతమేమీ లేదు గానీ, మా నాన్న పన్నెండేళ్ల పరువు, నా రంగుల పెట్టె, ఒక చర్చి కమిటీ మనశ్శాంతి ఒకేసారి మంటల్లో పడ్డాయి. నిప్పు పెట్టింది నేనే. మా పాప లేచేలోగా త్వరగా చెప్పేస్తాను. దానికి జ్వరం తగ్గింది, అయినా నేను మూడు నిమిషాలకోసారి నుదురు ముట్టుకుని చూస్తుంటే విసుగొచ్చి అటు తిరిగి పడుకుంది.

తొంభైల చివర్లో నేను అబిడ్స్ దగ్గర బి.ఏ. చదువుతూ రహస్యంగా బొమ్మల కథలు వేసేదాన్ని. ఏ పత్రికా అచ్చు వేసుకోని కథల్ని సొంతంగా గీసి, జిరాక్స్ తీసి, పిన్ను కొట్టి, పేరు దాచుకుని అమ్మేవాళ్లని అండర్‌గ్రౌండ్ కళాకారులంటారని ఎక్కడో చదివాను. అంతే, నేల మీద కాలు నిలవలేదు. నా రహస్య నామం 'నల్ల పిల్లి'. చేతిరాత పట్టుబడకుండా మాటలన్నీ ఎడమ చేత్తో రాసేదాన్ని. చూస్తే నిజంగానే ఏదో పిల్లి సిరాలో నడిచినట్టు ఉండేవి.

ఆదివారం ఆరాధన అయిపోగానే, ముఖానికి చున్నీ చుట్టుకుని, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే యాదగిరన్న దగ్గరికి పరిగెత్తేదాన్ని.

"ఏం చెల్లె, పండ్ల నొప్పా?" అనేవాడు నా చున్నీ చూసి.

"రహస్యం అన్నా. నా పేరు ఎవరికీ చెప్పొద్దు."

"నీ పేరు నాకే ఎరుక లేదు గదా!"

ఆయన నా సంచికల్ని పాత వంటల పత్రికల కట్ట కింద పెట్టేవాడు. నా అండర్‌గ్రౌండ్ లోతు సుమారు జానెడు.

ఇంట్లో ఈ సంగతి తెలియకూడదు. మా నాన్న దేవదానం గారు నాంపల్లిలో మా చర్చికి పన్నెండేళ్లుగా సెక్రటరీ. జీతం లేని ఆ పనిని ఆయన జీతమొచ్చే ఉద్యోగం కన్నా ఎక్కువ ప్రేమించేవారు. నేనేమో బ్యాంకు పరీక్ష అయ్యేదాకా బొమ్మ ముట్టనని ఆయనకి మాటిచ్చి ఉన్నాను. "మల్ల గీసినట్టు కనవడ్డదనుకో, ఆ రంగుల పెట్టె పాత పేపర్లోనికి ఏస్త" అని కూడా చెప్పి ఉన్నారు.

ఇక నా నాలుగో సంచిక కథానాయిక. మా చర్చి స్త్రీల సమాజం ప్రెసిడెంటు సుగుణమ్మ ఆంటీ. ఆవిడ పాట అందుకుంటే ఆఖరి స్వరం ఎప్పుడు వదులుతారో పాస్టరుగారికి కూడా తెలిసేది కాదు. మేం కూర్చునేవాళ్లం, లేచేవాళ్లం, స్వరం అలాగే ఉండేది. నా కథలో ఆవిడ 'కోకిలమ్మ'. నాంపల్లి స్టేషన్లో పాట అందుకుంటుంది, గార్డు విజిల్ అనుకుని రైళ్లన్నీ డ్రైవర్లు ఎక్కకముందే బయల్దేరిపోతాయి. పోలిక తెలియకుండా కళ్లజోడు తీసేశాను, పట్టు చీర మార్చి నూలు చీర కట్టాను, చేతిలో ఒక కుక్కపిల్లని పెట్టాను. ఇంకేం, కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదనుకున్నాను.

ఈసారి యాభై కాపీలు తీయాలనుకున్నాను. కాగితాలు? ఇక్కడ మా ఇంటి గురించి ఒక ముక్క చెప్పాలి. చర్చిలో మిగిలిన ప్రతి కాగితాన్నీ నాన్న ఇంటికి తెచ్చి, ఖాళీగా ఉన్న వైపు పైకి వచ్చేలా పేర్చేవారు. నా ఎక్కాల నుంచి డిగ్రీ నోట్సు దాకా అన్నీ వాటి మీదే. చిన్నప్పట్నుంచీ అలా రాసీ రాసీ, అచ్చయిన వైపు నా కంటికి కనిపించడమే మానేసింది. గోడకి అవతలి పక్క ఏముందో ఎవరైనా చూస్తారా? అలాగన్నమాట. కిందటేడు క్రిస్మస్ పాటల కారల్స్ ప్రోగ్రాం కాగితాలు దొంతర్లు దొంతర్లుగా ఉంటే ఎత్తుకుపోయాను.

జిరాక్స్ సలీం భాయ్ ఒకటి తిప్పి చూశాడు. "బేటీ, వెనక ఏందో ఛపాయించి ఉన్నది. పర్వా లేదా?"

"అది వెనక కదా, భాయ్."

"వెనకనే. గానీ చదివేటోళ్లకి కండ్లు ఉంటయి గదా?"

"ఎవరు చూస్తారు భాయ్, మీరు తీయండి!"

సలీం భాయ్ నా వైపు జాలిగా చూసి మిషను ఆన్ చేశాడు.

ఆదివారం కాపీలు యాదగిరన్నకి ఇచ్చేశాను. సోమవారం సాయంత్రం అన్నం తింటుంటే ఫోను మోగింది. నాన్న ఎత్తారు.

"వందనాలండి, దేవదానం... నల్ల పిల్లా? మా ఇంట్ల పిల్లుల్లేవు బాబూ."

పెట్టేశారు. మళ్లీ మోగింది.

"తప్పిపోయిందా ఏంది? జర పాలు పోసి పిలువుండ్రి, అదే వస్తది."

మూడోసారి ఫోను పెట్టాక నా వైపు తిరిగారు. "లతా, ఐదో సంచిక ఎప్పుడని అడుగుతున్నరే. గీ ఊర్లె పిల్లులు సంచికలు గూడ పెడుతున్నయా?"

ముద్ద కంచంలోనే వదిలేశాను. లేచి వెళ్లి, కాగితాల దొంతరలోంచి ఒకటి తీసి, జీవితంలో మొదటిసారి తిప్పి చూశాను. పైన మా చర్చి పేరు. దాని కింద, 'సోలో: శ్రీమతి సుగుణమ్మ'. అడుగున, 'పాడదలచినవారు సెక్రటరీ దేవదానం గారికి ఫోను చేయగలరు', పక్కనే మా నంబరు. పుస్తకం ఏ పేజీ తెరిచినా కుడి పక్క కోకిలమ్మ నోరు తెరుచుకుని ఉంటుంది, ఎడమ పక్క ఆవిడ అసలు పేరు. పెళ్లి ఫొటో కింద పేరు రాసినట్టు.

ఆ వారమంతా ఫోను నేనే ఎత్తాను. తర్వాతి ఆదివారం ఆరాధనకి ముందే అబిడ్స్ చేరాను. యాదగిరన్న అప్పుడే పుస్తకాలు పరుస్తున్నాడు.

"అన్నా, నా కాపీలన్నీ వెనక్కిచ్చెయ్!"

"ఒక్కటి లేదు చెల్లె. అన్నీ వోయినయ్! వెనకంగ పాటల పేర్లు ఏసినవ్ సూడు, గది మస్తు ఐడియా అంటున్నరు పోరగాళ్లు. ఒక పెద్దమ్మయితే రెండు కొన్నది."

"రెండెందుకు?"

"ఒకటి సదువుకోనీకట. ఇంకోటి ఎవరికో సూపియ్యనీకట. చేతుల పెద్ద బైబిలున్నది."

ఆ రోజు ప్రసంగం దేని మీదో నాకు గుర్తులేదు. ఆరాధన అవగానే కమిటీని పక్కనున్న సండే స్కూల్ గదిలోకి పిలిచారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. బల్ల మీద నా నాలుగో సంచిక.

"దేవదానం గారూ, ఇది మీ దగ్గరుండే కాగితమేనా?" అన్నారు పాస్టరుగారు.

నాన్న వెనక వైపు చూశారు. "ఔనయ్యగారూ." ముందు వైపు తిప్పారు.

సుగుణమ్మ ఆంటీ కళ్లు తుడుచుకున్నారు. "పన్నెండేండ్ల సంది నా మీద గింత కోపం కడుపుల దాచుకున్నవా తమ్ముడూ? చెప్తే నేనే చిన్నగ పాడుదును గదా!"

అందరూ నాన్నే వేశారనుకున్నారు. పాస్టరుగారు కష్టంగా, "కమిటీ కొత్త సెక్రటరీ గురించి ఆలోచించాల్సి వస్తుందేమో" అన్నారు. నాన్న జేబులోంచి చర్చి తాళంచెవులు తీసి బల్ల మీద పెట్టబోయారు.

"నేను! నేనే వేశాను!" అని అరిచాను.

నాన్న నన్ను చూశారు, ఆ ఎడమ చేతి రాతని చూశారు. అంతా అర్థమైంది. అయినా, "పిల్లది అబద్ధమాడుతున్నది. నేనే ఏసిన" అన్నారు. నా ఇరవై ఏళ్లలో ఆయన నోటి నుంచి విన్న మొదటి అబద్ధం అది, అదీ చర్చి ఆవరణలో.

"అయితే ఏసి సూపియ్యుండ్రి" అని ఆంటీ నల్లబల్ల దగ్గరున్న సుద్దముక్క ఇచ్చారు.

నాన్న ఒక సున్నా చుట్టారు. ఆలోచించారు. దాని కింద ఇంకా పెద్ద సున్నా చుట్టారు. నాలుగు గీతలు దించారు. కళ్లకి రెండు చుక్కలు పెట్టారు, ఒకటి ముఖం బయట పడింది.

"ఏందిది?" అన్నారు ఆంటీ.

"మీరే అక్కా."

"నాలుగు కాళ్లెందుకున్నయ్?"

"రెండు చేతులక్కా."

పాస్టరుగారు కిటికీ వైపు తిరిగిపోయారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆంటీ సుద్దముక్క లాక్కుని నా చేతిలో పెట్టారు. గీశాను. పైకెత్తిన గడ్డం, మూసిన కళ్లు, పాట. ఆంటీ దగ్గరికొచ్చి చాలాసేపు చూశారు.

"గొంతు మీది నరం గూడ ఏసినవేందే?"

"మీరు పై స్వరం పట్టుకున్నప్పుడు కనిపిస్తుందాంటీ."

"సూస్తుంటవా?"

"ప్రతి ఆదివారం."

ఆవిడ కళ్లజోడు సవరించుకున్నారు. తర్వాత నల్లబల్ల వైపు వేలు చూపించి తీర్పు చెప్పారు. "గీ పిల్ల నన్ను సూసి ఏసింది. దేవదానం, నువ్వు పన్నెండేండ్లల్ల నన్ను ఒక్కసారి గూడ సక్కగ సూడలే. నాకు కోపమొచ్చింది నీ బొమ్మకు!"

శిక్ష ఖరారైంది. ఆ ఏడు కారల్స్ కరపత్రానికి బొమ్మ నేను వేయాలి, సుగుణమ్మ ఆంటీకి కళ్లజోడు తిరిగి పెట్టాలి. తాళంచెవులు నాన్న దగ్గరే ఉన్నాయి, రంగుల పెట్టె నా దగ్గరే ఉంది. ఐదో సంచిక నుంచి కుడి చేత్తో, సొంత పేరుతో వేశాను. ఇప్పుడు చిన్నపిల్లల పత్రికలు అడిగి మరీ వేయించుకుంటున్నాయి. బ్యాంకు పరీక్ష సంగతి ఎవరూ ఎత్తలేదు.

తుడవడం అందరూ మర్చిపోయారేమో, నాన్న గీసిన బొమ్మ మాత్రం వారమంతా నల్లబల్ల మీద ఉండిపోయింది. తర్వాతి ఆదివారం సండే స్కూల్ పిల్లలు అదేమిటో చెప్పాలని పోటీ పెట్టుకున్నారు. గెలిచిన జవాబు, గంగిరెద్దు. అది విన్నది సుగుణమ్మ ఆంటీ. పాస్టరుగారు మళ్లీ కమిటీని పిలవాల్సి వచ్చింది.

అందుకని, చదువుతున్న మీరందరూ సాక్షులుగా, ఇదే నా ప్రతిజ్ఞ: మా నాన్న నా కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడనీ, ఈ జన్మలో ఆయన చేతికి సుద్దముక్క అందనివ్వను.