అమెరికా దొరసాని చూపించిన బొమ్మలు

మలేషియాలోని క్లాంగ్‌లో ఒక కాలేజీలో సైకాలజీ చెబుతాను. అమెరికాలో ఆ శాస్త్రం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో పనిచేసిన ఒకావిడ గురించి మా పాఠంలో అర పేజీ ఉంది. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందని ఒంటరిగానే ఉండిపోయింది. పిల్లల్ని ఒక్కొక్కరినే గదిలో కూర్చోబెట్టి, బొమ్మలు చూపించి అడిగితే నిజం తెలుస్తుందని నమ్మింది. పాఠంలో లేని సంగతి మా ఇంట్లో ఉంది. రిటైరయ్యాక, అడవిలోని కమ్యూనిస్టుల మీద బ్రిటిష్‌వాళ్లు మలయాలో ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో, ఆవిడ బటాంగ్ బెర్జుంటై దగ్గర మావాళ్లు కూలి చేసే రబ్బరు తోటకు వచ్చి, మా పెద్దమ్మను మందబుద్ధి అని తేల్చింది. పెద్దమ్మ బడి ఆగిపోయింది. మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చేనాటికి ఆమె చేతిలో రబ్బరు గీసే కత్తి ఉంది. చెల్లెలైన మా అమ్మ చేతిలో పలక. ఆ పలక పుణ్యమే నా ఉద్యోగం. అమ్మ పోయాక ఒకటే తొలిచేది: ఆ రోజు ఏ బొమ్మ చూపించినా తెలీదన్న పెద్దమ్మకు నిజంగా తెలియలేదా?

పెద్దమ్మ ఊరికి ఉదయం ఎనిమిదింటికి టాక్సీ ఎక్కాను. కువాలా సెలంగోర్ మీదుగా గంటన్నర దారి, రానూపోనూ నూట అరవై రింగిట్లు. "తనియావా పోరీంగ, అక్కా?" అన్నాడు తమిళ డ్రైవరు. ఒంటరిగానే అన్నాను. అతను రేడియో పెట్టాడు. దారి పొడవునా పామాయిల్ చెట్లే. రబ్బరు చెట్టు ఒక్కటీ కనబడలేదు.

పెద్దమ్మ ఒక్కతే ఉంటోంది. "ఏటే అమ్మీ, ఇన్నేళ్లకి దారి దొరికిందేటి?" అంటూ టీ ఇచ్చింది. కప్పు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఆ బొమ్మలు నిజంగా తెలియలేదా అని అడిగాను.

"తెలీకేటి లా! ఆవు, గొడుగు, గడియారం. ఆకర్ని సైకిలు మీద మూటెట్టుకున్న మనిషి. అచ్చం మా నానే." మాట చివర 'లా' అనడం ఇక్కడివాళ్ల అలవాటు.

"మరి తెలీదన్నావెందుకు?"

"దొరసాని పక్కన కిరాణీ కూకున్నాడు కదే, మాట తిప్పి సెప్పడానికి."

కిరాణీ అంటే తోట గుమాస్తా. అతని చెవిన పడ్డది మేనేజరుకు, అక్కణ్ణుంచి పోలీసులకు చేరేది. అడవిలో కమ్యూనిస్టులకు చేరుతుందని, గేటు దాటి గుప్పెడు బియ్యం తీసుకెళ్లినా జైలే.

"ఎవులడిగినా తెలీదనండని నాన సెప్పినాడు. ఆ మూటలో ఏటుందని దొరసాని అడిగితే నేనేటి సెప్పేది?"

"బడి పోయినందుకు బాధ లేదా?"

"ఎందుకు నేదు? మీ అమ్మ పలక సూసి ఏడిసినాను. అయితే నానని ఎవులూ అట్టుకుపోలేదు కదా." నా ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టింది. "పాపం ఆ దొరసాని! మద్దేనం బడి మెట్ల మీద ఒక్కర్తే కూకుని రొట్టి తినేది. పిలుద్దుమంటే, నాకేటీ తెలీదాయె!" అని నవ్వింది.

తిరుగు దారిలో నాకు ఆ మెట్లే కనిపించాయి. ఆ గదిలో నేనుంటే కనిపెట్టేదాన్నా? అనుమానమే. రేపు తరగతిలో ఆ అర పేజీ ఎలా చెప్పాలో ఇంకా తోచలేదు. మీరూ పాత తోటల మనుషుల్ని కలవబోతుంటే, ఏదైనా అడిగే ముందు మీరెవరి పిల్లలో, విన్నది ఎవరికి చెబుతారో చెప్పండి. బయల్దేరే ముందు, ఇది రాయనా అని నేనూ అడిగాను.

"రాసుకో లా. ఇప్పుడు నానని ఎవులట్టుకుపోతారు?" అంది పెద్దమ్మ.