మౌనికకు పెట్టిన ప్రసాదం

పూజలో కళ్లు మూసుకుంటే నాకు దేవుడు కనబడడు. తూకం మిషన్ కనబడుతుంది. ఏళ్లుగా ఇంతే. ఈ బరువు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు గనుక మీకు చెబుతున్నాను.

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, తిన్న ప్రతి ముద్దకూ దండం పెట్టడం నేర్పాడు. ఆ దండం ఇప్పటికీ మానలేదు. ఏ ముఖంతో పెడుతున్నాను?

తాండూరులో మా వీధి ఆడపిల్లల కబడ్డీ జట్టును నెత్తిన పెట్టుకున్న రోజులవి. సర్కారు మ్యాట్ ఇచ్చింది, కోచ్‌ను ఇచ్చింది. పిల్లల తిండి మేం చూసుకుంటామని భజన మండలి ఆడవాళ్లం ముందుకొచ్చాం. బంట్వారం దగ్గరి పల్లె నుంచి వచ్చే మౌనికకు ఆట అయ్యాక బస్సు దొరికేది కాదు. మా ఇంట్లోనే ఉండేది. మా అమ్మాయి శ్రావణిదీ అదే జట్టు.

వికారాబాద్‌లో ఎంపికలు పెట్టారు. గెలిచిన పిల్లకు సర్కారు క్రీడా హాస్టల్లో సీటు. చదువు, తిండి, ఆట అన్నీ వాళ్లే చూస్తారు. మా జట్టుకు ఒక్క సీటే. అది మౌనికదేనని వీధంతా అనుకునేది. ఆమె తప్పితే మా శ్రావణి. మాకు దుకాణం ఉంది, సీటు రాకున్నా శ్రావణి చదువు ఆగదు. మౌనికకు సీటు రాకపోతే చదువు మాన్పించి కంది చేనులో పనికి పెడతానని వాళ్ల నాయన చెప్పేశాడు. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

మౌనిక బరువు ఎప్పుడూ ఆటకు పెట్టిన హద్దు అంచునే ఉండేది. దాటితే ఆడనివ్వరు. తూకం అయ్యేదాకా ఏమీ పెట్టొద్దని కోచ్ మేడం నాకే అప్పజెప్పింది. ఆ ఉదయం నేను గిన్నె నిండా నెయ్యి కారే చక్కెర పొంగలి, చెంబెడు మజ్జిగ తెచ్చి ముందు పెట్టాను.

"మేడం వద్దన్నది గద పెద్దమ్మా. తూకమున్నది."

"ప్రసాదం బిడ్డా. నీ పేరు మీదనే చేసిన. దేవుని ప్రసాదం బరువైతదా?"

"సీటు పోతే నా బదులు దేవుడు కూతకు పోతడా మరి?" అని నవ్వింది.

"గట్లనొద్దు. కండ్లకద్దుకొని తిను."

కళ్లకద్దుకుంది. గిన్నె ఖాళీ చేసింది. మజ్జిగ తాగింది. ప్రసాదమంటే మా దగ్గర ఎవరూ కాదనరు, అందుకే దానికి ఆ పేరు పెట్టాను. నైవేద్యం పెట్టానా? లేదు. దేవుడి ముందుకు దాన్ని తీసుకుపోవడానికి భయమేసింది, పిల్ల ముందు పెట్టడానికి మాత్రం వేయలేదు.

వికారాబాద్‌కు పిల్లల వెంట నేనూ పోయాను. అక్కడ మిషన్ కొంచెం ఎక్కువ చూపించింది. "ఏం తిన్నవే?" అని మేడం కసిరింది. మౌనిక ఒకసారి నా వైపు చూసి, "ఏం తినలే మేడం" అంది.

కాసేపు గడువిచ్చారు. ఎండలో స్వెటర్ వేసుకొని పరుగెత్తింది. నోట్లో వేలు పెట్టుకొని కక్కమని పక్క పిల్లలు చెబితే, నా దగ్గరకొచ్చి చెవిలో, "ప్రసాదం గద పెద్దమ్మా, కక్కరాదు" అంది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండొచ్చు కదా? విప్పలేదు. చివరికి జడ బరువైనా తగ్గుతుందని కత్తెర తెచ్చి నా చేతికిచ్చి వీపు తిప్పి నిలబడింది. నడుము దాటిన జడ. కోశాను. మళ్లీ మిషన్ ఎక్కింది. ఇంకా రవ్వంత మిగిలే ఉంది.

ఆ సీటు శ్రావణికి వచ్చింది. వీధంతా మిఠాయి పంచాను. దసరా సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల, ఆ ఆట నావల్ల కాదని మళ్లీ పోలేదు. మౌనిక అప్పటికే చేనులో ఉంది.

ఇప్పటికీ తాండూరు మార్కెట్‌కు కందులు తెచ్చినప్పుడల్లా మా గడప తొక్కుతుంది. నీ అన్నం తిన్నదాన్నని కాళ్లకు మొక్కుతుంది. మొన్న తన కూతుర్ని వెంట తెచ్చింది.

"ఇది గూడ కబడ్డీ అంటున్నది పెద్దమ్మా. జర పెద్దగైనంక నీ దగ్గరనే ఉంచుత. నన్ను చూసుకున్నట్లే చూసుకో."

చెప్పేద్దామని నోరు తెరిచాను. "సరే బిడ్డా" అన్న మాటే వచ్చింది.

ఆమెకు చెప్పాల్సినది మీకు చెప్పాను. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. రాశాక మాత్రం గుండె కొంచెం తేలికైంది. ఇలాంటి రవ్వంత తేలిక కోసమే ఆ పిల్ల ఆ రోజు జడ కోయించుకుంది.