అమ్మ కుట్టుమిషన్ ముందు కట్టె జాలీ

మొన్న మా కోడలు, నంద్యాలలో మా ఇంటి వసారాలోకి మధ్యాహ్నం ఎండ నేరుగా కొడుతోందని ఫోనులో చూసి జాలీలు తెప్పించింది. బైకు మీద వచ్చిన మనిషి, నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల వాటిని స్తంభాలకు బిగించేసి వెళ్లిపోయాడు. అంతా ప్లాస్టిక్కు. టేకు రంగు వేశారు, టేకుకుండే గీతలు కూడా వేశారు, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం ఏ వాసనా లేదు. వాటిని నేను తప్పు పట్టను, వసారా చల్లబడిన మాట నిజమే. కానీ ఆ ఏటవాలు గళ్లలోంచి నేల మీద పడిన ఎండ ముక్కలు చూస్తూ కూర్చుంటే, ఆళ్లగడ్డలో మా ఇంటి వాకిట్లో నాయనా నేనూ కలిసి చేసి నిలబెట్టిన కట్టె జాలీలు గుర్తొచ్చి, ఆ పూటంతా ఇంకో పని మీదికి మనసు పోలేదు.

అప్పుడు నాకు ఇరవై దాటి ఉంటాయి. నంద్యాలలో ఒక సామిల్లులో కోసిన చెక్కలను సైజుల వారీగా పేర్చే పనికి కొత్తగా కుదిరాను. మిల్లు పక్కనే తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగుల కొట్టాలు ఉండేవి కాబట్టి, పని అయిపోయాక వాళ్ల దగ్గర కూర్చుని రంపం పట్టడం, చిత్రిక తోయడం, రెండు చెక్కలను సగం సగం మందం తీసి ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టడం నేర్చుకున్నాను. శనివారం సాయంత్రం శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కి ఇంటికి చేరి, ఆదివారం అమ్మతో కలిసి చర్చికి పోయి, సోమవారం తెల్లారే బస్సుకు తిరిగి రావడం నా వారం.

మా నాయన ట్రాక్టర్ డ్రైవరు. రోజంతా ఆ చప్పుడులో బతికిన మనిషి కాబట్టేమో ఇంట్లో మాట తక్కువ. ఆ లోటంతా అమ్మ తీర్చేది. వాకిట్లో పందిరి కింద కుట్టుమిషన్ వేసుకుని వీధి వైపు మొహం పెట్టి కూర్చునేది. నీళ్లకు పోయేవాళ్లు, చేలకు పోయేవాళ్లు, బడికి పోయేవాళ్లు, ఎవరైనా సరే అమ్మతో ఒక మాట అనకుండా ఆ వీధి దాటేవాళ్లు కాదు. ఎవరింట్లో జ్వరమో, ఎవరి కూతురికి ఏ ఊరి సంబంధం వచ్చిందో అమ్మకు ముందు తెలిసేది. నోరు ఆడుతూనే ఉండేది గానీ మిషన్ మీద కాలు మాత్రం ఆగేది కాదు. ఆమె కుట్టిన రవికె ఒంటికి పట్టినట్టు ఉంటుందని పక్క పల్లెల నుంచి కూడా ఆటోల్లో వచ్చేవాళ్లు.

అట్లాంటి అమ్మకు ఒక ఉదయం నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోయాయట. నవ్వుకుని మళ్లీ పుక్కిలించిందట, మళ్లీ అంతే. అద్దంలో చూసుకుంటే మూతి ఒక వైపుకు లాగేసి ఉంది, ఎడమ కన్ను మూత పడటం లేదు. నాయన ఆమెను నంద్యాల తీసుకొచ్చాడు. ప్రాణానికి భయం లేదని, మెల్లగా సర్దుకుంటుందని, పూర్తిగా పోతుందో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేనని డాక్టరు చెప్పి మాత్రలిచ్చాడు, అద్దం ముందు చేయాల్సిన ముఖ కసరత్తులు నేర్పించాడు.

అమ్మ మొదట దాన్ని లెక్కచేయలేదు. మాట కొంచెం నత్తి పోతున్నా పందిరి కిందే కూర్చుంది. అయితే ఒకరోజు ఒక అత్తాకోడళ్లు రవికె కొలతలకు వచ్చారు. కోడలు నిండు చూలాలు. అత్త వాకిలి దాకా వచ్చి, అమ్మ మొహం చూసి, కోడలి తలను చేత్తో పక్కకు తిప్పి, "కడుపుతో ఉండావు, ఇట్లాంటివి చూడగూడదు, పద" అని వెనక్కి తీసుకుపోయింది. మెల్లగా అనాలనే అనుకుని ఉంటుంది, అమ్మకు మాత్రం వినపడింది.

ఆ సాయంత్రమే మిషన్ లోపలి గదిలోకి పోయింది. ఆ గదికి ఉన్నదల్లా ఒక చిన్న కిటికీ. పగలు కూడా లైటు కావాలి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. కుట్లు వంకర పోయాయి, ఒకసారి సూది వేలిలో దిగింది. చర్చికి రావడం మానేసింది. ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకునే మనిషి రాకపోతే పాస్టరు ఇంటికి వచ్చాడు, ఆయనతో కూడా తలుపు చాటునుంచే మాట్లాడింది. అన్నం తగ్గిపోయింది. నేను శనివారం వచ్చేసరికి ఇల్లు ఎవరూ లేని ఇల్లులా ఉండేది. చీకట్లో కూర్చుని ఉన్న అమ్మను చూస్తే, మూతి వంకర కన్నా ఆ మౌనానికే నాకు ఎక్కువ భయం వేసేది.

ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మే ఎత్తింది.

"వాకిట్లో గోడ పెట్టియ్యయ్యా. మనిషెత్తు. ఎవురి కంటా పడకుండా ఆడ కూచోని నా పని నేను చేసుకుంటా."

నాయన తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ అన్నాడు. "గోడ పెడితే గాలి యాడ నుంచి వస్తాది? వద్దు."

అమ్మ కళ్లు తుడుచుకుని లేచిపోయింది. నాకు నాయన మీద కోపం వచ్చింది. నేను అరుగు మీదికి వచ్చి కూర్చుంటే నాయన కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"రేయ్, మీ మిల్లుకాడ సన్న బద్దలు దొరుకుతాయా? ఆ హోటలు మేడ మీద ఉంటాయి సూడు, గళ్లు గళ్లుగా. అట్లాంటివి చేయాల మనం. ఆమె బయటికి సూడాల, బయటోళ్లకు ఆమె కనపడగూడదు."

అంత పొడుగు మాట నాయన నోటినుంచి నేను విన్నది తక్కువ.

మిల్లులో టేకు దుంగలు కోశాక అంచుల్లో మిగిలే సన్న బద్దలు పొయ్యిలోకి పోయేవి. సంగతి చెబితే మా యజమాని, కావలసినన్ని ఏరుకుపొమ్మన్నాడు. చట్రాలకు మాత్రం వంకర లేని చెక్కలు చూసి ఆయనే తీయించి ఇచ్చాడు. వాటిని కట్టలు కట్టి బస్సు మీదికి ఎక్కించాను. శిరివెళ్ల దగ్గర వాన పట్టుకుంటే, తడిస్తే చెక్క మెలితిరుగుతుందన్న భయంతో బస్సు ఆపించి, పైకెక్కి నా దుప్పటి కప్పి దిగాను. కండక్టరు విసుక్కున్నాడు. "ఏందప్పా, పెండ్లికూతురేమన్నా ఉందా పైన?"

వచ్చిన ప్రతి ఆదివారమూ అదే పని. చెక్క చివర్లలో సగం మందం తీసి మూలలు కూర్చేవాణ్ణి. చట్రం నాలుగు మూలలూ సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి ఒక మూలనుంచి ఎదురు మూలకు దారం పట్టి, మళ్లీ రెండో వైపు పట్టి, రెండూ సమానంగా వచ్చేదాకా సుత్తితో తట్టేవాణ్ణి. బద్దలను ఏటవాలుగా ఒక వైపు, దాని మీద ఎదురు ఏటవాలుగా ఇంకో వైపు పరిచి, కలిసిన ప్రతి చోటా సన్న సీల దిగ్గొట్టేవాళ్లం. ట్రాక్టర్ నట్లు బిగించే నాయన చేతికి ఆ సన్న సీలలు చిక్కేవి కావు. వేళ్లు చితక్కొట్టుకునేవాడు, నోరెత్తేవాడు కాదు. మా మేనమామ దేవుడి విగ్రహాలు చెక్కే కొట్టంలో పనిచేసేవాడు. పక్కన పడేసిన రాళ్లలోంచి కూసాలు, అంటే నిలబెట్టే రాతి స్తంభాలు, తీయించి, జాలీలు జారి కూర్చునేలా వాటికి నిలువునా గాడి కొట్టించి ఎద్దులబండిలో తెచ్చాడు. కట్టె కూసాలైతే చెదలు తింటాయి, రాయికి ఆ బాధ లేదన్నాడు.

జాలీలను గాడిలో దించి, కింద చెక్క ముక్కలతో బిగించిన రోజు, కనపడతాదో లేదో చూడాలని నాయన తనే మిషన్ ముందు కూర్చున్నాడు. అమ్మ చీర రంగు బయటికి తెలుస్తుందేమోనని ఆమె పాత చీర ఒకటి భుజాల మీద కప్పుకున్నాడు. నన్ను వీధిలో ఆ చివరికీ ఈ చివరికీ నడవమన్నాడు. నేను నడుస్తుండగా ఎదురింటి అత్త, అంటే ఎదురుగా కిరాణా అంగడి నడిపే శెట్టిగారి భార్య, బయటికి వచ్చి నిలబడింది.

"ఏందన్నా, మిషన్ నేర్చుకుంటాండావా?"

"కనపడతాండానా?" అన్నాడు నాయన లోపల నుంచి.

"కనపడకేం. మీసాలు గూడా కనపడతాండాయి."

లోపలి గదిలోంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గనుకున్నాం. నేను పోయి చూస్తే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని నవ్వుతోంది. జబ్బు చేశాక అమ్మ నవ్వడం అదే మొదలు.

నాయన మాత్రం నవ్వలేదు. అంతా ఊడదీయించాడు. గళ్లు చిన్నవయ్యేలా మధ్యలో ఇంకో వరస బద్దలు వేయించాడు, పందిరి మీద బోద గడ్డి మందంగా కప్పించాడు. లోపల నీడ చిక్కబడేసరికి, వీధిలో ఎండలో నిలబడ్డ వాళ్లకు జాలీ వెనక ఉన్నది మనిషో మిషనో తెలియకుండా పోయింది. అప్పటికి గానీ అమ్మను పిలవలేదు. అమ్మ వచ్చి, కూర్చుని, కన్ను గడికి దగ్గరగా పెట్టి వీధిని చాలాసేపు చూసింది. మిషన్‌లోకి దారం ఎక్కించింది.

చప్పుడు వినపడగానే ఎదురింటి అత్త వచ్చి జాలీ అవతల నిలబడింది. "వదినా, నా రవికె ఈ పండగకన్నా ఇస్తావా ఇయ్యవా?" అని ఏమీ జరగనట్టు అడిగింది. అమ్మ నత్తి మాటలతోనే జవాబిచ్చింది. మొహం కనపడకపోతే మాట తడబడినా అమ్మకు సిగ్గు వేసేది కాదేమో. అత్త రోజూ అంగడి మూసే ముందు వచ్చి నిలబడేది, ఆమెను చూసి ఇంకొందరు. బట్టలు జాలీ పక్కనున్న సందులోంచి లోపలికి వచ్చేవి, కుట్టి బయటికి పోయేవి. మాట్లాడీ మాట్లాడీ నత్తి కూడా కొంత తగ్గింది. మూతి సగం సర్దుకుంది, మిగతా సగం అట్లాగే నిలిచిపోయింది.

తర్వాత జరిగింది నేను చూడలేదు, ఎదురింటి అత్త చెప్పింది. వేసవి చివర ఒక మధ్యాహ్నం గాలివాన లేచిందట. మధ్య జాలీ గాడిలోంచి ఊడి, గాలికి ఎగిరి వీధి నడుమ పడిందట. అప్పుడే ఒక ఆటో వేగంగా వస్తోంది. నాయన, నేను ఇంట్లో లేము. అమ్మ మిషన్ దగ్గర్నుంచి లేచి వానలో వీధిలోకి పరుగెత్తి, ఆటోకు అడ్డంగా చేతులు చాపి, "ఆపప్పా, నా జాలీ, ఆపు" అని ఆ వంకర మూతితోనే కేక పెట్టిందట. వీధిలో సగం మంది గుమ్మాల్లో ఉన్నారు. అత్త ఒక కొస, అమ్మ ఒక కొస పట్టి దాన్ని ఎత్తి తెచ్చి గోడకు ఆనించారు. దాన్ని మళ్లీ బిగించడానికి అత్త పోయి మొగుణ్ణి పిలుచుకొస్తానంటే అమ్మ అక్కర్లేదంది. కొంగుతో మొహం తుడుచుకుని, తడిసిన చీరతోనే మిషన్ ముందు కూర్చుని, ఆగిన కుట్టు అందుకుందట, జాలీ లేక ఎదురుగా అంతా తెరుచుకుని ఉండగానే.

నేను వచ్చి సుత్తీ సీలలూ తీసి జాలీ మీద చెయ్యి వేశానో లేదో, అమ్మ తలెత్తకుండానే అంది. "ఉండనీలేరా. గాలి బాగా వస్తాంది."

నేను నాయన వైపు చూశాను. అన్ని ఆదివారాలు వేళ్లు చితక్కొట్టుకున్న మనిషికి ఆ మాట ఎట్లా ఉంటుందోనని. నాయన నా చేతిలో సుత్తి తీసి గూట్లో పెట్టాడు. జాలీని భుజానికెత్తుకుని పెరట్లోకి పోయి చిక్కుడు పాదుకు ఊతంగా నిలబెట్టాడు. అక్కడ చాలాసేపు ఉండిపోయాడు. తిరిగి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, దుమ్ము పడిందన్నాడు. ఆ తర్వాతి ఆదివారం అమ్మ చర్చికి వచ్చింది. ముందు వరసలో కాదు, వెనక ఆడవాళ్ల మధ్య. పాడలేదు గానీ పెదాలు కదిలించింది. మెల్లగా మిగతా జాలీలు కూడా పెరట్లోకి చేరాయి. పడమటి ఎండ ఆపేది ఒక్కటి మాత్రం ఉంచుకుంది.

ఆ అత్త కూడా, చూలాలి తలను పక్కకు తిప్పినామె, కొన్నాళ్లకు మనవరాలిని చంకనేసుకుని గౌను కుట్టమని వచ్చింది. నేనైతే పొమ్మనేవాణ్ణి. అమ్మ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని కొలత తీసుకుంది, ఎంత బాగుందో అని ముద్దు కూడా పెట్టుకుంది. నా పిల్లలకు మా అమ్మ, వాళ్ల జేజి, నవ్వంటే ఒక పక్కకు వంగినదే. అది జబ్బువల్ల వచ్చిందని పెద్దయ్యాక చెబితే నమ్మలేదు.

ఇప్పుడు అమ్మా లేదు, నాయనా లేడు. ఆళ్లగడ్డలో ఆ వీధికి ఆమధ్య పోతే ప్రతి ఇంటికీ మనిషెత్తు ప్రహరీ, ఇనుప గేటు. వాకిళ్లు లేవు కాబట్టి వాకిట్లో కూర్చునేవాళ్లూ లేరు. రవికెలు టౌనులో అంగడికి ఇస్తున్నారు. నంద్యాలలో నా వీధి మాత్రం వేరుగా ఉందా? మా ఎదురింట్లోకి వానాకాలంలో ఎవరో బాడుగకు వచ్చారు. పోయిన వారం సాయంత్రం వాళ్ల ఇంటి ముందు అంబులెన్సు వచ్చి ఆగింది. తెల్లగుడ్డ కప్పి ఎవరినో ఎక్కించుకుపోయారు. ఆడమనిషో మగమనిషో కూడా తెలియలేదు. మా గేటు లోపల నిలబడి చూశాను. మరునాడు కోడల్ని అడిగితే తనకూ తెలియదంది. పోయి పలకరించాలని రోజూ అనుకుంటున్నాను. చెప్పులు వేసుకుని గేటు దాకా కూడా పోయాను. ఎదురింటి తలుపు కొడితే, తీసిన మనిషిని అన్నా అని పిలవాలో, సార్ అని పిలవాలో తెలియక, గేటు పట్టుకుని కాసేపు నిలబడి లోపలికి వచ్చేశాను.