ఆరున్నొకటి తరువాత

మా ఆయన కాలేజీలో లెక్కలు చెప్పేవారు. నేను వ్యవసాయం ఇంటి పిల్లని. ధాన్యం కొలిచేటప్పుడు మా నాన్న ఒకటి అనేవారు కాదు, లాభం అనేవారు. ఏడు అంటే ఏడుపు వినిపిస్తుందని ఆరున్నొకటి అనేవారు. గుళ్లో ప్రదక్షిణాలకూ నాకు అదే లెక్క అలవాటైంది. పెళ్లయిన కొత్తలో అది విని ఆయన నవ్వారు.

"ఏడు ఏం పాపం చేసిందే? తన పనేదో తను చూసుకునే అంకె. ఎవరికీ సమంగా పంచుకోడానికి కూడా దొరకదు."

సెలవులొస్తే కొవ్వూరులో రైలెక్కేవాళ్లం. కాశీ వెళ్లాం, రామేశ్వరం వెళ్లాం, సామర్లకోట అయితే ఎన్నిసార్లో. అక్కడి భీమేశ్వరస్వామి రెండంతస్తుల ఎత్తు. నేను దణ్ణం పెట్టుకుంటుంటే ఆయన మెట్టు ఎత్తు జానతో చూసి, మెట్లు లెక్కపెట్టి, స్వామి ఎత్తు కాగితం మీద వేసేవారు.

"దేవుణ్ణి కొలవకూడదండీ" అన్నాను ఒకసారి.

"నువ్వు చేస్తున్నదేంటి మరి? కొలవడమే కదా" అన్నారు.

ఎక్కడికెళ్లినా నామం చెప్పుకుంటూ ప్రదక్షిణాలు తిరగడం నా వంతు, ఒకచోట నిలబడి లెక్క చెప్పడం ఆయన వంతు.

పోయిన ఏడాది ఆయనకు మతిమరుపు మొదలైంది. రాజమండ్రిలో డాక్టరుగారు వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ చెప్పమన్నారు. అన్ని అంకెలుండగా ఆ ఏడే దొరికిందా అని నాకు ఒళ్లు మండింది. ఆయన తొంభై మూడు అన్నారు, ఎనభై ఆరు అన్నారు, ఆగి నా వైపు చూశారు. డెబ్బై తొమ్మిది నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద, "ఇక నా లెక్క నమ్మకే" అన్నారు.

"నాకు మీ లెక్క తప్ప వేరే లెక్క లేదండి" అన్నాను.

ఆయన మతి నిలవాలని సామర్లకోట స్వామికి పదకొండు ప్రదక్షిణాలు మొక్కుకున్నాను. మొన్న వెళ్లినప్పుడు రైలు ఆలస్యమైంది. పన్నెండింటికి తలుపులు వేసేస్తామని పూజారిగారు ముందే చెప్పారు.

మొదటి చుట్టు తిరిగి రాగానే ఆయన "లాభం" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినలేదు. నా కోసం అన్నారో, తన అంకెలు పోయి నావి మిగిలాయో తెలియలేదు. ఏడో చుట్టుకి "ఆరున్నొకటి" అన్నారు. ఎనిమిదో చుట్టు తిరిగి వచ్చాను.

"రెండు" అన్నారు.

ఆరున్నొకటిలో చివరి ఒకటి పట్టుకుని అక్కణ్నుంచి లెక్కపెడుతున్నారు. వేలికణుపుల మీద బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టి, చెమటలు కక్కుతూ నిలబడ్డారు. నేను తొమ్మిదో చుట్టు మొదలుపెట్టాను.

పదకొండో చుట్టు పూర్తయింది. "ఐదు" అన్నారు.

"తలుపులు వేసేస్తున్నామమ్మా, దర్శనానికి రండి" అని పూజారిగారు పిలిచారు. నా మొక్కు తీరింది. ఆయన లెక్కలో ఇంకా ఆరు చుట్లున్నాయి, ఇప్పుడే లోపలికి వెళితే తన లెక్క తప్పని ఆయనకు తెలిసిపోతుంది. ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా నేను ఎన్నడూ తిరిగి వెళ్లలేదు. గుమ్మంలోంచి ఒకసారి లోపలికి చూసి, మళ్లీ నడక మొదలుపెట్టాను.

చుట్టు తిరిగి వచ్చేసరికి తలుపులు మూసేశారు.

"ఆరు" అన్నారు ఆయన, క్లాసులో చెప్పినంత ధీమాగా.

"ఆరేనండి" అన్నాను.