మా మేనత్త కాన్సర్టీనా

మా మేనత్త పోయిందన్న కబురు నాకు పెదకూరపాడులో, నేను పాఠాలు చెప్పే బడిలో అందింది. ఐదో తరగతి పిల్లల చేత లెక్కల పరీక్ష రాయిస్తున్నాను. మా ఊరు రెంటచింతల నుంచి మా తమ్ముడు వచ్చి గుమ్మం బయట చెప్పులు విప్పాడు. బడి గదిలోకి రావడానికి చెప్పులు విప్పాల్సిన పనిలేదు. అది చూడగానే చెడ్డ కబురే తెచ్చాడని తెలిసిపోయింది.

"అక్కా, అత్త పోయింది. నిద్రలోనే పోయింది," అన్నాడు.

పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. "రాయండి," అన్నాను.

మీలో చాలామందికి హార్మోనియం తెలుసు. కాన్సర్టీనాను చూసినవాళ్లు తక్కువే ఉంటారు. రెండు అరచేతుల మధ్య ఇమిడే చిన్న వాద్యం అది. ఇటొకటి అటొకటి ఆరు మూలల చెక్క బిళ్లలు, మధ్యలో తోలు తిత్తి. తిత్తిని లాగుతూ మూస్తూ మీటలు నొక్కితే లోపలి ఇత్తడి రేకులు పలుకుతాయి. మా అత్త వయసులో ఉన్నప్పుడు ఒక విదేశీ సిస్టరమ్మ దగ్గర వంట చేసేది. ఆమె వాయిస్తుంటే చూసి నేర్చుకుంది. సిస్టరమ్మ తన దేశం వెళ్లిపోతూ ఆ వాద్యం పెట్టెను అత్త చేతిలో పెట్టింది. అప్పటికే అత్తకు భర్త పోయాడు, పిల్లల్లేరు. మా ఇంటి పక్కగదిలో ఉండేది.

మేం గుడి అనే మా ఊరి చర్చిలో ఆదివారం అత్తే వాయించేది. చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థన ఉన్నా, చావు జరిగినా అత్త కోసం మనిషి వచ్చేవాడు. హార్మోనియం మోయడానికి ఒక మనిషి కావాలి, అత్త పెట్టె చంకలో పట్టేది. పొలంగట్ల మీద నడుస్తూనే వాయించేది. స్వరాల పేర్లు ఆమెకు తెలియవు. ఏ పాట ఏ మీట దగ్గర మొదలవుతుందో వేళ్లకు తెలుసు, అంతే.

మిగతా రోజుల్లో మిరపకాయలు కోసే కూలికి వెళ్లేది. ఇంటికి రాగానే చేతులకు మజ్జిగ రుద్దుకుని, కడుక్కుని, ఆరేదాకా కూర్చునేది. ఆ తర్వాతే పెట్టె ముట్టుకునేది. "మన కారం దాని తోలుకు అంటగూడదు" అనేది. మా ఊరి ఎండలకు చెక్క నెర్రెలిస్తుంది, తోలు పెళుసవుతుంది. అందుకని వేసవి వస్తే పెట్టె ఉన్న అలమరలో గిన్నెతో నీళ్లు పెట్టేది. వానాకాలం ఆ గిన్నె తీసేసి వేపాకు వేసేది. చిన్నప్పుడు నేనొకసారి ఊరికే ఆ తిత్తిని లాగబోతే చెయ్యి పట్టుకుంది. "మీట నొక్కకుండా లాగబాకు. నీ నోరూ ముక్కూ మూసి ఊపిరి పీల్చమంటే నువ్వు పీలుస్తావా?"

ఇక నేను చేసిన పని చెప్పాలి. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడాది అది. గుంటూరులో టీచరు ట్రైనింగు ముగించుకుని ఊరికొచ్చాను. హాస్టల్లో నాలుగు నెలలు సంగీతం నేర్చుకున్నాను. నాకు తెలిసినంత మా ఊళ్లో ఎవరికీ తెలియదన్న మిడిసిపాటు కొంచెం ఉండేది. ఈస్టరు పండక్కి గుడిలో పాటలు నేర్పుతున్నాం. ఇరవై మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. అత్త వాయిస్తోంది. పాట పైకి వెళ్లిన ప్రతిసారీ ఒక స్వరం దగ్గర ఉత్త గాలి వినిపిస్తోంది. ఒకటి రెండుసార్లు ఓర్చుకున్నాను.

"ఆగత్తా! ఆ పై మీట పలకడమే లేదు. నీకు వినపడట్లేదా?" అని గట్టిగా అన్నాను.

పాట ఆగిపోయింది. "ఏ మీటే?" అంది అత్త. ఒకటి నొక్కింది. "ఇదేనా?"

"అదే."

మళ్లీ నొక్కింది. బుస్సుమని గాలి. "పలుకుతుంది గదే! నాకు వినపడతానే ఉంది," అంది. మూడోసారి, నాలుగోసారి నొక్కింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త ఆ నవ్వు కూడా వినలేదు. నా ముఖం చూసింది. అందరి ముఖాలూ చూసింది. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఇన్నాళ్లుగా ఆ స్వరాన్ని ఆమె చెవులతో వినడం లేదు, గుర్తుతో వింటోంది.

తిత్తి మూసి, పట్టీ బిగించింది. "నువ్వు పాడించమ్మా," అని లేచి వెళ్లిపోయింది. మరెప్పుడూ గుడిలో వాయించలేదు. వెనక వరసలో కూర్చుని పాడేవాళ్ల పెదాలు చూసేది.

రెండు వారాలు ఆమె గదిలోకి వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్లి గడప దగ్గర నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పెట్టె, స్క్రూడ్రైవరు నా ముందు పెట్టింది.

"విప్పు. మరల్ని తీసిన వరసలోనే పెట్టుకో. కలిపావంటే మళ్లీ సరిగ్గా కూర్చోవు."

విప్పాను. పలకని రేకును నాకు చూపించింది. దాని సందులో ఒక పత్తి పోగు ఇరుక్కుని ఉంది. "గోరు పెట్టబాకు, సూది పెట్టబాకు. పల్చటి కాయితం జొనుపు." కాయితం అంచుతో పోగు బయటికి వచ్చింది. అంతా మళ్లీ బిగించి మీట నొక్కాను.

"పలికిందా?" అని నన్నడిగింది.

పలికింది. తలూపాను. ఆమె జీవితంలో ఎవరినీ ఆ ప్రశ్న అడిగి ఉండదు.

ఆ ఏడాదంతా నాకు నేర్పింది. తప్పు వాయిస్తే నా వేళ్లు చూసే కనిపెట్టేది. ఉద్యోగం ఉత్తర్వు వచ్చాక, "నీకంటూ ఒకటుండాలి. ఇది నాతో పాటే ముసల్దైపోయింది," అని నన్ను నరసరావుపేట తీసుకెళ్లింది. అక్కడ హార్మోనియంలు బాగుచేసే ఒక సాయిబు దగ్గర, హైదరాబాదు పాత సామాన్ల బజారు నుంచి వచ్చిన కాన్సర్టీనాలు రెండున్నాయి. ఒకటి ఎర్రగా తళతళలాడుతోంది. రెండోది రంగు పోయి ఉంది. నా చెయ్యి ఎర్రదాని మీదికి పోయింది.

"చూడటానికా, వాయించడానికా?" అంది అత్త. ఒక్కోదాన్నీ ఒక పక్క పట్టుకుని ఎత్తింది, మీటలేవీ నొక్కకుండా. ఎర్రదాని తిత్తి జర్రున కిందికి జారిపోయింది. రంగు పోయినది మెల్లగా, చాలా మెల్లగా సాగింది. "దీనికి దమ్ముంది, గాలి కారట్లా," అంది. తర్వాత దాని చెక్కకు దవడ ఆనించి, కళ్లు మూసుకుని ఒక్కో మీటా నొక్కుతూ పోయింది. ఒకచోట ఆగింది.

"ఇది సరిగ్గా వణకట్లేదు."

"పలుకుతుంది కదమ్మా," అన్నాడు సాయిబు. నాకూ బాగానే వినిపించింది.

"వణకట్లేదంటన్నా. ఇప్పి చూడు."

విప్పాడు. రేకు దాని గాడిలో వదులుగా ఉంది. సాయిబు అత్త వైపు చూసి, "ముప్పై ఏళ్లుగా ఇదే పనమ్మా నాది. చెవులు పెట్టుకుని కూడా నాకు తెలియలా," అన్నాడు. అత్త రేకునే చూస్తోంది, ఆ మాట వినలేదు. నేను ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాను. సిగ్గుపడి కొంగు సర్దుకుంది. ఈస్టరు నాటి తర్వాత ఆమె ముఖంలో వెలుగు చూడటం అదే మొదలు.

రేకు బాగుచేయించి కొన్న ఆ రంగు పోయినదాన్ని ఒళ్లో పెట్టుకుని, తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చున్నాను. "అత్తా, ఆ రోజు అందరి ముందు నేనలా అనకుండా ఉండాల్సింది," అన్నాను. బస్సు మోతలో ఆమెకు వినపడలేదు. "ఏందే?" అంది నా వైపు తిరిగి. ఇంకొంచెం గట్టిగా అంటే వినేది. ఆ రోజు గుడిలో అంత గట్టిగా అనగలిగిన నాకు బస్సులో గొంతు లేవలేదు.

"ఏం లేదత్తా. దాహమేస్తోంది," అన్నాను.

"దిగినాక సోడా తాగుదువులే," అంది.

తర్వాత ఎన్నిసార్లు సెలవులకు వెళ్లినా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. వచ్చేసారి చెబుదాం అనుకునేదాన్ని. ఆమెకు కోపం లేదని నాకు తెలుసు. అయినా చెప్పి ఉండాల్సింది.

తమ్ముడితో నేను ఊరు చేరేసరికి ఎండ మండిపోతోంది. ఏయే పల్లెల్లో చావులకు అత్త వాయించిందో ఆ పల్లెలన్నీ వచ్చాయి. సమాధుల దొడ్డిదాకా నేను ముందు నడుస్తూ నా కాన్సర్టీనా వాయించాను. చెమటకు వేళ్లు జారాయి, రెండుచోట్ల తప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. పాట అయిపోయాక ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చి, "మీ అత్త నడిచినట్టే నడిచావే తల్లీ," అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

అందరం ఇంటికి తిరిగొచ్చాం. అత్త ముందురోజు సాయంత్రం ఉతికి ఆరేసుకున్న నీలం అంచు చీర పెరట్లో తీగ మీద అలాగే ఉంది. ఎప్పుడో ఎండిపోయింది. దాని కింద నుంచే వంగి వెళ్లి అందరూ కాళ్లు కడుక్కుంటున్నారు గాని, ఎవరికీ దాన్ని తీయబుద్ధి కాలేదు. వేడి గాలి వీచినప్పుడు అది నిండుగా పొంగుతోంది, గాలి ఆగగానే మెల్లగా వాలుతోంది.