చిలుము వదిలిన రాయి

ఏలూరులో తివాచీల ఉన్నికి రంగులు వేసి బతికిన ముబారక్ ముప్పై ఏళ్లలో సెంటు స్థలం కొనలేదు గానీ, రాళ్లు మాత్రం మూడు పెట్టెల నిండా కూడబెట్టాడు. ఎక్కడ గని మూతపడిందని తెలిస్తే అక్కడికి బస్సెక్కేవాడు. అందులో పనిచేసిన ముసలివాళ్లు గుర్తుగా దాచుకున్న ముక్కల్ని బతిమాలి తెచ్చుకునేవాడు. పిల్లనడగడానికి కూడా ఇన్ని గడపలు ఎక్కి ఉండడని భార్య జమీలా అంటుంది.

వాటిలో మహారాజు పల్నాడు వైపు రాగి గనిది. ఇత్తడి రంగు ముడిరాయి, దాని మీద వేల ఏళ్లుగా పేరుకున్న పచ్చని పొర, ఓ మూల గని కూలీ యోసేపు తెల్లరంగుతో వేసిన నంబరు. ఏ సొరంగంలో, ఏ ఏడు తీశారో ఆ నంబరే చెబుతుంది.

వట్లూరులో ఓ కాలేజీ మ్యూజియం పెడుతోందనీ, ఈ రాళ్లన్నీ ముబారక్ పేరుతో అద్దాల బీరువాలో ఉంచుతుందనీ కబురొచ్చింది. మంచం కింద మగ్గిన ముప్పై ఏళ్లకు వెలుగు చూసే యోగం పట్టింది. చూసి ఖాయం చేయడానికి శుక్రవారం సుందరరావు మాస్టారు వస్తున్నారు. ఆయన చెప్పే పాఠం కామర్స్. కమిటీలో ఖాళీగా ఉన్నది ఆయనొక్కరేనట.

ఆ రోజు జుమ్మా నమాజు నుంచి వచ్చేసరికి రాగిరాయి పెళ్లిబిందెలా ధగధగలాడుతోంది.

“ఏమైంది దీనికి?”

“చిలుము పట్టిందండీ. పెద్దాయన వస్తున్నారు కదా, చింతపండేసి తోమాను. ఓ పట్టాన వదిల్తేనా!”

“నంబరు?”

“ఆ మరకా? అదీ పోయింది.”

ముప్పై ఏళ్లలో జమీలా ఆ రాళ్లను ముట్టుకోవడం అదే మొదలు, అదీ మొగుడి పరువు కోసం. ఏమని తిడతాడు?

సుందరరావు రానే వచ్చారు. పెట్టెలన్నీ చూసి ముక్కు చిట్లించి, మెరిసే రాయి దగ్గర ఆగిపోయారు. చింతపండు సంగతి జమీలాయే చెప్పింది.

“అబ్బ! రాయంటే ఇదండీ! మిగతావీ మేడంగారు ఇలాగే తోమిపెడితే సోమవారం బీరువా ఎక్కించేద్దాం. ఎంతండీ, పూట పని.”

బీరువా కావాలి. పేరు కావాలి. అద్దం ముందు నలుగురు ఆగి చూడాలి. ముబారక్ పెట్టెల వైపు కాసేపు చూసి, ఒక్కొక్క మూతే వేశాడు.

“అవి రావండి. ఇదొక్కటి తీసుకెళ్లండి.”

“అంత బీరువాలో ఒక్క రాయాండీ?”

“మిగతా అరల్లో మీ క్రికెట్ కప్పులు పెట్టుకోండి.”

“సరే. ఏ గనిదని రాయమంటారు?”

“జమీలా గని.”

సుందరరావు పెన్ను తీసి శ్రద్ధగా రాసుకున్నారు. “ఏ జిల్లా అండీ?”

“ఏలూరేనండీ,” అంది జమీలా, వంటింట్లో కాఫీ కలుపుతూ.